లోహం కింది పీట

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత కారు పొగ గొట్టం నుంచి తీసిన, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెను నాకు చూపిన మెకానిక్ అందులోని ప్లాటినం విలువ గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ లోహాన్ని మోస్తున్న ఆక్సైడ్ పూత గురించి చెప్పాలనిపించింది.

పూతలోని అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) లోహాన్ని నానోమీటర్ల కణాలుగా విడివిడిగా నిలిపి, వేడికి అవి ముద్దకట్టకుండా చాలావరకు కాపాడుతుంది. అదే పూతలోని సీరియా (సీరియం ఆక్సైడ్) పని ఇంకా లోతైనది. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే దాచుకుంటుంది, తక్కువైతే తన స్ఫటికం నుంచే ఇచ్చి కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి తోడ్పడుతుంది.

లోహాన్ని మోసే ఇలాంటి ఆక్సైడ్ ఆధారం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోరాదు. టైటానియా (టైటానియం ఆక్సైడ్)పై ఉన్న ప్లాటినాన్ని హైడ్రోజన్‌లో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వద్ద క్షయకరిస్తే (అంటే ఆక్సిజన్‌ను తొలగిస్తే), ఆ ప్లాటినం హైడ్రోజన్‌ను పట్టుకునే శక్తిని దాదాపు కోల్పోతుందని 1978లో శాస్త్రవేత్త టాస్టర్ బృందం చూపింది. కొంత ఆక్సిజన్ పోగొట్టుకున్న టైటానియా పలుచని పొరలా లోహంపైకి పాకడమే ఇందుకు ముఖ్య కారణమని తరువాత తేలింది.

అన్నిటికన్నా నన్ను కదిలించేది బంగారం. మన ఇళ్లలో తరతరాలు మారకుండా ఉండే ఆ లోహం, ఐరన్ ఆక్సైడ్ వంటి ఆధారాలపై అతిసూక్ష్మ కణాలుగా నిలిచినప్పుడు, సున్నా డిగ్రీలకన్నా బాగా దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించగలదని జపాన్ శాస్త్రవేత్త మసటాకే హరుటా 1987లో వెల్లడించారు. కణమూ ఆక్సైడూ కలిసే ఆ సన్నని అంచే ఈ చర్యకు కీలకమైన చోటు.