గొంతులో గొట్టం పడకుండా కాపాడిన మాస్కు

నాకు డెబ్బై దాటాయి. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. గ్యాసు వచ్చేదాకా కంపకట్టెల పొయ్యి ముందరే వంటంతా. బీడీ ముట్టినదాన్ని కాదు, అయినా డాక్టరు సీఓపీడీ అన్నారు, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగా ఆడనివ్వని, ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చినా ఈ జబ్బు వస్తుందంట. మా పక్క ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

పోయిన చలికాలం జలుబు రొమ్ముకు పట్టింది. పడుకుంటే ఆయాసం, కూర్చున్నా ఆయాసమే. ఒకరోజు తెల్లారేసరికి మాట తడబడి మత్తు కమ్మింది. మా అబ్బాయి కడపలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి చూశారు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక పేరుకుందని, మత్తు అందుకేనని చెప్పారు.

"ఆక్సిజన్ ఇంకా పెంచండి సార్" అని మావాడు బతిమాలాడంట. డాక్టరు పెంచలేదు. ఇట్లాంటి వాళ్లకు వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం దాకా ఉంటే చాలు, మరీ ఎక్కువ పెడితే ఆ చెడుగాలి ఇంకా పెరగొచ్చని విడమర్చి చెప్పారు. తర్వాత బైపాప్ పెట్టారు, మాస్కులోంచి గాలి తోసి ఊపిరికి సాయం చేసే మిషన్ అది. దీంతో కుదరకపోతే గొంతులో గొట్టం వేయాల్సి వస్తుందనీ ముందే చెప్పారు.

ముక్కూ నోరూ మూసేసే మాస్కు అది. మనం పీల్చేటప్పుడు గాలిని గట్టిగా తోస్తుంది, వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గిస్తుంది. మొదట్లో సుడిగాలికి మొహం పెట్టినట్టే ఉండింది. ప్రాణం పోతుందేమోనని పీకేయబోయాను. సిస్టరమ్మ పట్టీలు బిగించలేదు. మాస్కును తన చేత్తోనే నా మొహానికి ఆనించి పట్టుకుంది. "అవ్వా, మిషన్‌తో కొట్లాడొద్దు. అది ఇచ్చినప్పుడు తీసుకో, నిదానంగా వదులు" అంది. నాకు కుదురుకున్నాకే పట్టీలు వేసింది. పళ్లసెట్టు గట్టిగా ఉందని చూసి, తీయొద్దంది. తీస్తే బుగ్గలు లోపలికి పోయి గాలి లీకవుతుందంట. ఆ తల్లి పక్కన నిలబడకపోతే నేను ఆ మాస్కు ఉంచుకునేదాన్నే కాదు.

గంట తర్వాత మళ్లీ రక్తం తీశారు. కార్బన్ డయాక్సైడ్ తగ్గుముఖం పట్టింది, నాకూ తెలివి వచ్చింది. నోరు పిడచకట్టుకుపోయేది, ముక్కు దూలం కందిపోతే మెత్తటి పట్టీ అంటించారు. మాస్కు ఉండగానే కోడలు గంజి తాపబోతే సిస్టరమ్మ గట్టిగా ఆపింది, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని. పక్కనుండేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

రానురాను రాత్రిళ్లు మాత్రమే పెట్టి, ఆఖరికి తీసేశారు. అందరికీ ఇట్లా మానదు, కొందరు ఇంటికాడ కూడా వాడాల్సి వస్తుందంట. ఇప్పుడు స్పేసర్‌తో, అంటే మందును పట్టి ఉంచే గొట్టంతో, ఇన్‌హేలర్ పీలుస్తున్నా, ఏటా ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. ఆక్సిజన్ 88-92 మధ్యే ఉంచాలని రాసిన డిశ్చార్జి కాగితాన్ని మావాడు ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకున్నాడు. మళ్లీ అవసరం పడితే 108 వాళ్లకు ముందు అదే చూపించమని చెప్పాను.