గూడబాతుల చోటు చెప్తాను, గుడ్లగూబది చెప్పను

సంక్రాంతి వెళ్లాక నేలపట్టు పక్షుల అభయారణ్యానికి పోయాం. దొరవారిసత్రం మండలంలో ఉంది, సూళ్లూరుపేట నుంచి దగ్గరే. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూళ్లే. గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు. ఒకటే గోల.

వాచ్‌టవర్ మీద నుంచి లెన్స్ పెట్టి చూస్తే ఒక గూడబాతు పిల్ల, పెద్దదాని గొంతు సంచిలోకి మెడ దాకా దూరిపోయి చేపలు లాక్కుంటోంది. పెద్దది నోరు తెరిచి అలాగే ఓర్చుకుని నిలబడింది. పైముక్కు అంచున చుక్కలు కూడా స్పష్టంగా కనిపించాయి. అంత దూరం నుంచే ఇంత దొరుకుతుంటే, పక్కనున్న కుర్రాడు కట్ట దిగి దగ్గరికి పోతానన్నాడు. అక్కడి వాచర్ వెంటనే ఆపాడు. "ఒక్కటి లేస్తే అన్నీ లేస్తాయి సార్. కాకులు కాచుకుని ఉంటాయి." నిజమే. పెద్దవి లేచిపోతే గుడ్లు కాకుల పాలు, ఈకలు రాని పిల్లలు ఎండ పాలు. ఆ వాచర్ లాంటివాళ్లు ఉండబట్టే ఈ పక్షులు ఏటా ఇక్కడికి వస్తున్నాయని నాకు గట్టి నమ్మకం.

నేలపట్టు పేరు ఎవరికైనా ధైర్యంగా చెప్తాను. అది అభయారణ్యం, కాపలా ఉంది, అందరికీ తెలిసిన చోటు.

అదే ట్రిప్‌లో మరోచోట, బండరాళ్ల మధ్య కొమ్ముల గుడ్లగూబ కనిపించింది. గూడంటూ ఏమీ కట్టదు, రాతి అరుగు మీదే గుడ్లు పెడుతుంది. కదలకుండా నన్నే చూస్తోంది. ఫ్లాష్ లేకుండా దూరం నుంచే ఒక ఫొటో తీసి వెనక్కి వచ్చేశాను.

ఫొటో చూసిన స్నేహితుడు "లొకేషన్ పెట్టన్నా, ఆదివారం మేమూ వెళ్తాం" అన్నాడు. పెట్టలేదు. అతని మీద అనుమానం లేదు. కానీ ఆ మెసేజ్ ఎన్ని ఫోన్లకు పాకుతుందో అతనికీ తెలియదు. క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు, దీపావళి ముందర మరీను. పట్టేవాళ్లు రాకపోయినా, వారం వారం కెమెరాలు వచ్చి నిలబడితే ఏ తల్లి గుడ్ల మీద కూర్చుంటుంది?

రికార్డు మాత్రం వదల్లేదు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో లిస్టు ఎక్కించి బయటివాళ్లకు కనపడకుండా దాచాను. ఫారెస్ట్ వాళ్లకు చెప్పాను. పిల్లలు ఎగిరిపోయే సీజన్ దాటాక, జీపీఎస్ వివరాలు తీసేసి ఆ ఫొటో అందరికీ చూపిస్తాను.