పాత సర్వర్‌లోనే గిట్‌కి కాస్త చోటు

మా వెబ్‌సైట్ నడుస్తున్న సర్వర్‌లోనే గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాధనం) సర్వర్ కూడా పెట్టేశా. అందులో ఇప్పటికే వర్డ్‌ప్రెస్, దాని డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, వాటి ముందు బయటి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్ ఉన్నాయి. ర్యామ్ చూస్తే 2 జీబీ. గిట్ సర్వర్ సాఫ్ట్‌వేర్లలో పెద్దదైన గిట్‌ల్యాబ్‌లో అన్నీ ఉంటాయి, నిజమే, కానీ దానికి ఈ ర్యామ్ ఏ మూలకి? ఉత్త ఎస్‌ఎస్‌హెచ్‌తో (కమాండ్లతో దూరం నుంచి సర్వర్‌కి కనెక్టయ్యే పద్ధతి) సరిపెట్టేద్దామంటే, మావాళ్లకి బ్రౌజర్‌లో కోడ్ చూసుకోవాలి, ఇష్యూలు (బగ్‌లు, చేయాల్సిన పనులు) రాసుకోవాలి. చివరికి పోటీ తేలికైన గిట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ గిటీకి, 2022లో దాన్నుంచి విడిపోయిన ఫోర్‌జేయోకి మధ్య మిగిలింది. వెనక లాభాపేక్ష లేని సంస్థ ఉందని ఫోర్‌జేయోకే ఓటేశా. ఒక్కటే బైనరీ, ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అంతే.

80, 443 పోర్టులు ఇంజిన్‌ఎక్స్‌వే కాబట్టి దీన్ని 127.0.0.1లో (సర్వర్ లోపలికే పనిచేసే అడ్రస్) 3000 పోర్టు మీద నడిపి, వేరే సబ్‌డొమైన్ ఇచ్చి, దానికొచ్చే రిక్వెస్టులు ఇంజిన్‌ఎక్స్ ఇటు పంపేలా ప్రాక్సీ చేశా. హెచ్‌టీటీపీఎస్‌లో మొదటి పెద్ద పుష్‌కే (కోడ్‌ని సర్వర్‌కి పంపడం) 413 ఎర్రర్! ఇంజిన్‌ఎక్స్ మామూలుగా రిక్వెస్ట్ 1 ఎంబీ దాటితే లోపలికి రానివ్వదు మరి. ఆ సబ్‌డొమైన్ వరకు క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే ఆ పరిమితి పెంచి రీలోడ్ కొట్టగానే గడగడా ఎక్కేసింది. వర్డ్‌ప్రెస్ జోలికి అసలు వెళ్లనేలేదు.

కొత్త ఖాతాల రిజిస్ట్రేషన్ మాత్రం మొదట్లోనే ఆపేశా, స్పామ్ గాళ్లు ఊరుకోరుగా. బ్యాకప్ స్క్రిప్టు రేపు చూడాలి.