నా అనుభవం: ఆ శనివారాన్ని ఎక్కడ పెట్టాలి?

కడప దగ్గర ఒక బండల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. క్వారీ నుంచి వచ్చిన నల్లబండల్ని కోసి, పాలిష్ పట్టి, బెంగళూరుకో చెన్నైకో లారీల్లో పంపుతాం. ఒకప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్‌లోనే తెలుగులోనో, వచ్చీరాని హిందీలోనో నడిచేవి. ఇప్పుడు ప్రతిదీ వాట్సాప్‌లో ఇంగ్లీషులో రాయాలి. ఆ పని నాది. చదివిందంతా తెలుగు మీడియమే కాబట్టి ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది గానీ, రాయాలంటే మాత్రం టెన్షన్.

రెండేళ్ల కిందట బెంగళూరు పార్టీ ఒకరు పెద్ద ఆర్డర్ పెట్టారు. రేటు దగ్గర బేరం సాగి సాగి, ఒక శనివారం సాయంత్రం మా ఓనరు సరేనన్నాడు. సోమవారం పొద్దున నేను మెసేజ్ పెట్టాను: ‘అవర్ ఓనర్ అగ్రీడ్ టు సెండ్ ద లోడ్ ఆన్ శాటర్డే.’ శనివారం ఒప్పుకున్నాడు అని నా ఉద్దేశం. వాళ్లు మాత్రం లోడు వచ్చే శనివారం బయలుదేరుతుందని చదువుకున్నారు. ఆదివారం పొద్దున ఎనిమిది మంది హమాలీలను పిలిపించి కూర్చోబెట్టారు. ఇక్కడ చూస్తే బండలు ఇంకా పాలిష్ మిషన్ కూడా ఎక్కలేదు. మనిషికి ఆరు వందల లెక్కన 4,800 రూపాయలు బిల్లులో తగ్గించుకుంటామన్నారు.

“వాళ్లకు ఏం రాసినావు మా? శనివారం పంపుతామని ఎవరు చెప్పినారు?” అన్నాడు ఓనరు.

ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో. స్పెల్లింగు తప్పు లేదు, గ్రామరు తప్పు లేదు. నాకు తప్పు కనపడకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. కనపడితే దిద్దుకోవచ్చు.

మా వీధిలో ఒక సారు ఉన్నారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటారు. ఆ రోజు నేరుగా ఆయన దగ్గరికి పోయి ఫోన్ చూపించాను. ఆయన ఒకసారి చదివి అడిగారు:

“ఇందులో పనులెన్ని ఉండాయి మా?”

“రెండు సార్. ఒప్పుకోవడం, పంపడం.”

“శనివారం జరిగింది ఏది?”

“ఒప్పుకోవడం.”

“మరి శనివారాన్ని తీసకపోయి పంపడం పక్కన కూర్చోబెట్టినావే. చదివేవాడు దగ్గరున్న దానికే కలుపుకుంటాడు.”

మనం ‘లోడు పంపడానికి శనివారం ఒప్పుకున్నాడు’ అంటే చిక్కు లేదు. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, దానికి సంబంధించిన మాటలు దానికి ముందు వస్తాయి. ఏ క్రియకు ముందు పెడితే ఆ క్రియకు చెందుతాయి. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది. ‘ఆన్ శాటర్డే’, ‘ఎట్ ద ఫ్యాక్టరీ’, ‘బై లారీ’ లాంటివి సాధారణంగా దాని వెనక వరస కడతాయి. ‘అగ్రీడ్’ ఒక క్రియ, ‘టు సెండ్’ ఇంకో క్రియ. రెండూ అయిపోయాక చివర వచ్చిన మాట రెండోదానికి అతుక్కుంటుంది. సారు చెప్పిన మార్పు చిన్నది: శనివారాన్ని మొదటికి తెచ్చేయడం. ‘ఆన్ శాటర్డే అవర్ ఓనర్ అగ్రీడ్ టు సెండ్ ద లోడ్.’ ఇక వేరే అర్థం రాదు.

ఆ మరుసటి వారం నుంచి ఆదివారం సాయంత్రాలు ఆయన అరుగు మీద నాకు పాఠం మొదలైంది. ఫీజు మాటెత్తితే కోప్పడ్డారు.

మొదట నాచేత చేయించింది తిరగరాయడం. ‘కడప నుంచి చెన్నైకి లారీలో బండలు పంపడానికి’ అని తెలుగులో రాసి, చివరి నుంచి వెనక్కి చదవమన్నారు. పంపడానికి, బండలు, లారీలో, చెన్నైకి, కడప నుంచి. ఇంగ్లీషు దాదాపు అదే వరసలో వచ్చేసింది: ‘టు సెండ్ స్లాబ్స్ బై లారీ టు చెన్నై ఫ్రమ్ కడప.’ అన్నిసార్లూ ఇంత సాఫీగా కుదరదు, ఇందులో కూడా ‘ఫ్రమ్ కడప టు చెన్నై’ అంటేనే వినడానికి బాగుంటుంది. కానీ ముందు క్రియ, దాని వెనక మిగతావి అనే అలవాటు దీనితోనే పడింది. మాట లోపల కూడా తిరగబడుతుంది, చూడండి. మనకు ‘చెన్నై’ తర్వాత ‘కి’, వాళ్లకు ‘చెన్నై’ ముందు ‘టు’.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. బడిలో తుమున్నర్థకం అని చదువుకున్నాం కదా, ‘పంపడానికి’, ‘చూడటానికి’ లాంటివి. వాటి చివర ఉన్నది ‘కి’ కదా! ‘చెన్నైకి’లో ఉన్న ‘కి’నే. ‘టు సెండ్’లో ‘టు’ కూడా అంతేనట. పాత ఇంగ్లీషులో అది మామూలు ప్రిపోజిషనే, తర్వాత క్రియకు గుర్తుగా మారిందని సారు చెప్పారు. ‘టు గో టు కడప’ అన్నప్పుడు రెండు ‘టు’లు ఎందుకని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. ‘కడపకు వెళ్ళడానికి’ అన్నప్పుడు మనమూ ‘కు’, ‘కి’ రెండూ వాడుతున్నామని ఆ రోజే గమనించాను.

ఆ వారమే ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ లైబ్రరీకి వెళ్లాను. పుట్టి పెరిగింది కడపలోనే అయినా లోపలికి పోవడం అదే మొదలు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి.బ్రౌన్ తెలుగు నేర్చుకుని, తర్వాత ఇక్కడే బంగళా కొని పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఈ లైబ్రరీ కట్టారు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. తిరగేస్తుంటే క్రియలకు అర్థాలు ‘టు’తో మొదలవడం కనిపించింది. నేను ఇటు నుంచి అటు పోవడానికి పడుతున్న పాట్లే ఆయన అటు నుంచి ఇటు రావడానికి పడి ఉంటాడనిపించింది. నాలుగైదు పేజీలు చదివి వచ్చానంతే. కానీ ఆ రోజు తర్వాత భయం తగ్గింది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది మన ‘కి’తోనే. విభక్తులు బట్టీ పట్టినప్పుడు ‘కి, కు, యొక్క, లో, లోపల షష్ఠీ విభక్తి’ అని గడగడా చెప్పేవాళ్లం. ఆ ఒక్క ‘కి’కి ఇంగ్లీషులో ఎన్ని రూపాలో! కడపకు వెళ్లాలంటే ‘టు’. పదింటికి రావాలంటే ‘ఎట్’. జ్వరానికి మందు కొనాలంటే ‘ఫర్’. కడపకు చేరాలంటే ఏమీ అక్కర్లేదు, ‘టు రీచ్ కడప’ అంతే. నేను ఏళ్ల తరబడి ‘రీచ్ టు’ అని రాస్తూ వచ్చాను. ‘రేటు గురించి మాట్లాడాలి’ అనే తెలుగు మనసులో ఉండబట్టి ‘డిస్కస్ అబౌట్ ద రేట్’ అనీ రాసేదాన్ని. ‘టు డిస్కస్ ద రేట్’ చాలు.

మా పనిలో రోజూ ఉపయోగపడేది ‘పే’. డ్రైవర్‌కి డబ్బులివ్వాలి, డీజిల్‌కి డబ్బులివ్వాలి. మనకు రెండూ ‘కి’నే. ఇంగ్లీషులో మనిషికైతే ‘టు పే ద డ్రైవర్’, వస్తువుకైతే ‘టు పే ఫర్ ద డీజిల్’. అలాగే డ్రైవర్‌కి చెప్పాలంటే ‘టు టెల్ ద డ్రైవర్’, అదే వివరించాలంటే ‘టు ఎక్స్‌ప్లెయిన్ టు ద డ్రైవర్’. దీనికి సూత్రం అడిగితే సారు లేదన్నారు. క్రియను ఒంటరిగా నేర్చుకోవద్దు, దాని వెనక వచ్చే మాటతో కలిపి ఒకే మాటలాగా నేర్చుకో అన్నారు. అప్పటి నుంచి నోటుబుక్కులో ‘వెయిట్’ అని రాయలేదు, ‘టు వెయిట్ ఫర్ ద లారీ’ అని రాశాను. ‘టు రిప్లై టు ద పార్టీ’, ‘టు డిపెండ్ ఆన్ ద రేట్’, ‘టు లుక్ ఎట్ ద శాంపిల్’. అన్నీ మా ఫ్యాక్టరీ మాటలే పెట్టుకున్నాను. నా మటుకు నాకు, పుస్తకంలోని వాక్యాలకన్నా అవే గుర్తున్నాయి.

ఒక సాయంత్రం మాత్రం బాగా ఇబ్బంది పడ్డాను. ‘కూర్చోవడానికి బండ’ అని ఇంగ్లీషులో చెప్పమన్నారు సారు. ‘ఎ స్లాబ్ టు సిట్’ అన్నాను. ఆయన అరుగు మీద పరిచిన కడప బండను అరచేత్తో తట్టి, “కూర్చునేది దీని మీదనే గదా. ఆ ‘మీద’ యాడికి పాయ?” అన్నారు. తెలుగులో దాన్ని చెప్పం, అవసరం లేదు. ఇంగ్లీషులో చెప్పాలి, అదీ చివర ఒంటరిగా: ‘ఎ స్లాబ్ టు సిట్ ఆన్.’ రాయడానికి పెన్ను ‘ఎ పెన్ టు రైట్ విత్’. మాట్లాడటానికి మనిషి ‘సమ్‌వన్ టు టాక్ టు’. నామవాచకం ముందే వెళ్లిపోయింది కాబట్టి ప్రిపోజిషన్ వెనక ఒక్కటే మిగిలిపోతుంది. మూడు వారాలు పట్టింది నాకు అది నోటికి రావడానికి. ఇంట్లో కంటికి కనపడిన ప్రతి వస్తువుతో ఒక వాక్యం కట్టుకున్నాను.

పోయిన నెల అదే బెంగళూరు పార్టీకి మళ్లీ లోడు పంపాం. డ్రైవర్ గురువారం మాటిచ్చాడు, సోమవారం వస్తానని. ‘ఆన్ థర్స్‌డే ద డ్రైవర్ ప్రామిస్డ్ టు కమ్ టు ద ఫ్యాక్టరీ ఆన్ మండే’ అని రాసి, రెండు రోజులూ ఏ క్రియకు చెందాయో వేలు పెట్టి చూసుకుని పంపాను. రెండు నిమిషాల్లో వాళ్లు మంగళవారానికి హమాలీలను చెప్పుకుంటామని జవాబిచ్చారు. మంగళవారం పొద్దున ఆరింటికి బండలు దిగిపోయాయి.

సోమవారంలోపు పంపాలంటే ‘బై మండే’, సోమవారం దాకా ఆగాలంటే ‘టిల్ మండే’. ఈ రెండూ ఇప్పటికీ నాకు కలిసిపోతున్నాయి. వచ్చే ఆదివారం సారును అడగడానికి నోటుబుక్కులో పైనే రాసి పెట్టుకున్నాను.