కొంగుకు కొంగు కట్టిన వారం

మార్గశిరంలో మా వైజాగ్ వన్‌టౌన్‌కి లక్ష్మివారం, అంటే గురువారం, బుధవారం అర్ధరాత్రే వచ్చేస్తుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి లైను ఎక్కడిదాకా ఉందో ఫోన్లు చేసి కనుక్కుని మరీ బయల్దేరతారు. అందులో తప్పేం లేదు. నాకు మండేది మార్గశిర లక్ష్మివార వ్రతకథ వినే తీరు చూసి. మొన్న లైన్లో నా ముందున్నావిడ ఫోన్లో కథ పెట్టుకుని, స్పీడు పెంచుకుని విన్నది. మధ్యలో పక్కావిడతో ఫ్లాటు లోను కబుర్లు. కథలో సుశీల చితికిపోయిన పుట్టింటికి గుమ్మడికాయ నిండా వరహాలు పోసి పంపిన చోట మాత్రం ఇద్దరూ చెవులు రిక్కించారు!

అసలు విషయం వరహాల్లో లేదమ్మా, బెల్లంముక్కలో ఉంది. సుశీల తల్లి లేని పిల్ల. సవతితల్లి తన పిల్లాణ్ణి ఆమె చంకకెక్కించి, ఆడించమని ఇంత బెల్లం చేతిలో పెట్టేది. ఆ పిల్ల మట్టితో అమ్మవారిని చేసుకుని, జిల్లేడు పూలు పెట్టి, ఆ బెల్లమే నైవేద్యం పెట్టేది. పని మానలేదు, పూజా మానలేదు. పీట లేదు, పంతులు లేడు, నోటిదాకా వచ్చిన తీపి ఒక్కటే ఉంది. అది ఇచ్చేసింది.

మా నాన్న హార్బర్లో కళాసీ. 1994లో పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరు. అమ్మ పూర్ణామార్కెట్లో గోనె పరిచి తోటకూర, గోంగూర అమ్మేది. లక్ష్మివారం మూడింటికే లేపి, ముందు బురుజుపేట, తర్వాత మార్కెట్టు. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు, ఎవరైనా తమ చేత్తోనే పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. అమ్మ వేళ్లకి అరటినార కోసుకున్న గాట్లుండేవి. పసుపు ముట్టుకుంటే చుర్రుమనేది, పళ్లు బిగించి రాసేది. విగ్రహానికి ఎడమచెయ్యి ఖండితం. ఓసారి అదేంటని అడిగితే, "అమ్మకే ఓ చెయ్యి లేదు గుంటా. మనకి రెండున్నాయి. ఇంకేటడుగుతాం?" అంది. దణ్ణం పెట్టి గబగబా నడిచేది, బేరం వేళకి అందుకోవాలిగా. ఆ గోనె మీదే నా బీఈడీ అయింది, తమ్ముడి ఐటీఐ అయింది, కంచరపాలెంలో రెండు గదులు లేచాయి.

ఇక సవతితల్లి సంగతి. పెళ్లై కలిగినింటికెళ్లిన సుశీల దగ్గరికొచ్చి, ఆమెతో పాటు ఈ వ్రతం పట్టింది. లక్ష్మివారం పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదు, తలకి నూనె రాయకూడదు, దువ్వకూడదు. ఒక వారం పిల్లలకి చద్దన్నం పెడుతూ తనూ ఓ ముద్ద నోట్లో వేసుకుంది. ఇంకో వారం తలకి నూనె రాసుకుంది, మరో వారం తల దువ్వుకుంది. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం జాలేస్తుంది. ధ్యాస లేని చెయ్యి అలవాటు కొద్దీ పోతుంది, అంతే. నాలుగో వారమూ తప్పింది. అప్పుడు సుశీల ఏం చేసిందీ? మా ఇంట్లో చెప్పుకునే కథలో, సవతితల్లి కొంగుని తన కొంగుకి ముడేసుకుని రోజంతా వెంట తిప్పుకుంది. ఉపన్యాసం ఇవ్వలేదు. తను చేసే పనులన్నీ ఆవిడ చేతా చేయించి, పుష్యమాసం మొదటి లక్ష్మివారం పూర్ణం బూరెలు నైవేద్యం పెట్టించింది. అయినా అమ్మవారు మొహం తిప్పుకుంది. చిన్నప్పుడు నువ్వు నా బొమ్మతో ఆడుకుంటుంటే నిన్ను చీపురుతో కొట్టింది కదా అని. దెబ్బలు తిన్న పిల్లే ఆవిడ తరఫున క్షమించమని వేడుకుంది. స్పీడు పెంచుకుని వింటే ఇది ఎక్కడ వినపడుతుంది? దయచేసి ఈ ఒక్క నెలైనా ఫోను పక్కన పెట్టి, కథ మీ నోటితో మీ పిల్లలకి చెప్పండి.

నాన్న పోయిన పదకొండో రోజు మా గిన్నెలు వీధరుగు మీద పెట్టించింది మా పెద్దమ్మ. పోయినేడాది మార్గశిరంలో కళ్లు సరిగ్గా ఆనక, కొడుకులు పట్టించుకోక మా ఇంటికొచ్చింది. నేను పలకరించలేదు, నిజం చెప్పాలి. అమ్మ మాత్రం లక్ష్మివారం మూడింటికే ఆవిణ్ణి లేపింది. లైన్లో తోపులాట ఎక్కువైంది. చూద్దును కదా, అమ్మ తన కొంగులోని చిల్లర ముడి విప్పి, డబ్బులు నా చేతిలో పోసి, ఆ కొసని పెద్దమ్మ కొంగుకి కట్టుకుంటోంది. "పాల చెంబు నువ్వట్టుకోయే గుంటా," అంది నాతో, "అక్క చేత పోయిద్దాం."