మెట్రో హోరులో తంబురా వినడానికి నేను పడిన పాట్లు

నాగోలు నుంచి రాయదుర్గానికి మెట్రోలో రోజూ వెళ్లివచ్చే నాకు సంగీతం వినడానికి దొరికే సమయం ఆ ప్రయాణమే. పట్టాల హోరులో తంబురా శ్రుతి మునిగిపోయేది. వాల్యూమ్ పెంచుదామంటే, వారానికి 40 గంటలు వినే పెద్దలకు 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సలేషన్ ఉన్న ఇయర్‌ఫోన్లు కొన్నాను. కొనడం, ఫోనుకు జతచేయడం సులువుగానే జరిగిపోయాయి.

అయినా ఎడమ చెవిలో హోరు తగ్గలేదు. సర్వీస్ సెంటరులో టోకెన్ తీసుకుని చాలాసేపు నిరీక్షించాక, కౌంటరులోని యువకుడు ఫోన్‌లో యాప్‌ను ఒక్కసారి చూసి, "ఫీచర్ ఆన్‌లోనే ఉంది అంకుల్, ప్రాబ్లం దీంట్లో లేదు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి" అని వరుసలో ఉన్నవారందరికీ వినబడేలా అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఇబ్బంది ఎడమవైపే ఎందుకు ఉందని నేను అడుగుతుండగానే తరువాతి టోకెన్ పిలిచాడు. ఫిర్యాదును నమోదుచేసే కాగితమైన జాబ్‌షీట్‌లో రాయమంటే, లోపం లేని వస్తువుకు జాబ్‌షీట్ ఇవ్వబోమన్నాడు. చిన్ననాటి నుంచి త్యాగరాయ గానసభలో కచేరీలు విన్న చెవులివి; శ్రుతి వెంట్రుకవాసి జారినా పట్టుకోగలను. డబ్బు పెట్టి కొన్నవారి మాట చివరిదాకా వినాలని నేర్పకుండా మనిషిని కౌంటరులో కూర్చోబెట్టడం ఆ సంస్థ చేసిన తప్పు.

ఆ కోపంతోనే కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. అక్కడ ఒక దుకాణదారు నా ఎడమ ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా అదిమి, "ఇప్పుడు వినండి సార్" అన్నారు. మృదంగంలో ఎడమచేతితో వాయించే మంద్రనాదం ఒక్కసారిగా నిండుగా పలికింది, హోరు తగ్గింది. చెవిలో పెట్టుకునే సిలికాన్ టిప్ ఆ చెవికి అతకడం లేదని అప్పుడు తెలిసింది. ఇయర్‌ఫోన్‌లోని మైకు బయటి శబ్దాన్ని పట్టుకోగా, దానికి వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి హోరును అణచివేయడమే ఈ ఏర్పాటులోని కిటుకు. టిప్ పక్కన సందు ఉంటే మంద్రధ్వనులు చొరబడి ఆ పని చెడుతుంది. ఆయన ఇచ్చిన ఫోమ్ టిప్‌లను వేళ్లతో నలిపి చెవిలో పెట్టి, అవి ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఇప్పుడు తక్కువ వాల్యూమ్‌లోనే తంబురా స్పష్టంగా వినిపిస్తోంది. పక్కవారి మాటలు కొంత వినబడుతూనే ఉంటాయి, ఎందుకంటే ఈ పద్ధతి నిలకడైన మంద్రధ్వనులనే బాగా అణచగలదు.

సర్వీస్ సెంటరుకు వెళ్లేముందు ఇలా అదిమి చూసుకోండి. తప్పక వెళ్లవలసివస్తే, వారి జవాబు కాగితం మీద రాయించుకోనిదే కదలకండి. నేను మాత్రం జరిగినదంతా రాసి ఆ సంస్థకు ఫిర్యాదు పంపాను. సమాధానం ఇంకా రాలేదు.