మూడో మెట్టు

మొదట పాదాలు తిమ్మిరెక్కాయి. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నాను. మూడో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాను. ఐదో రోజుకి చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించలేదు. డాక్టర్ గారు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు, కాలు కదల్లేదు. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉంది, కణాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాల మీదకే వెళుతుందట.

దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఇమ్యునోగ్లోబులిన్, ఐదు రోజులు ఎక్కించారు. ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది లెక్కలు. నర్సమ్మ కొన్ని గంటలకోసారి వచ్చి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చెప్పమనేవారు. మొదటిరోజు 32. మూడోరోజు 17. ఆ రాత్రి నిద్రపోతే ఊపిరి ఆగిపోతుందేమోనని కళ్లు మూయలేదు. మర్నాడు 19 వచ్చింది. వెంటిలేటర్ దాకా పోలేదు.

ఇంటికి వచ్చాక అన్నయ్య అటక మీది సామాను సర్దుతుంటే నా పాత యూకలేలే బయటపడింది. గిటార్ లాంటిదే, చిన్నది, నాలుగు తీగలుంటాయి. పన్నెండేళ్లుగా ఎవరూ ముట్టలేదు. ఒక తీగ తెగిపోయింది, మిగతావి వదులై వేలాడుతున్నాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, ఫ్రెట్లు, వాటి మీద పచ్చగా చిలుము పట్టింది. తీగలు కట్టే చెక్క ముక్క, బ్రిడ్జి, ఊడిందేమోనని అన్నయ్య దాని అంచు కింద కాగితం దూర్చి చూశాడు. కాగితం దూరలేదు. ఆ క్షణం నాకెంత సంతోషం వేసిందో! బిరడాలు బిగుసుకుపోతే వాటి స్క్రూలు కాస్త వదులు చేశాడు. కొత్త నైలాన్ తీగలూ తనే కట్టాడు, ఆ ముడి వేయడం నా వేళ్లకు చేతకాలేదు. మెత్తటి గుడ్డతో ఫ్రెట్లు తుడవడం మాత్రం నేను చేస్తానన్నాను. నాలుగు ఫ్రెట్లు తుడిచి పడుకుండిపోయాను.

కొత్త తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. శృతి చేసి పక్కన పెడితే పది నిమిషాలకే దిగిపోయేవి. మళ్లీ నాలుగు తీగల్నీ వాటి స్వరాలకు తేవాలి: జీ, సీ, ఈ, ఏ. విసుగు రాలేదు. రోజూ చేయడానికి నాకంటూ ఒక పని దొరికింది.

ఫిజియోథెరపీ మేడమ్ వాయించమన్నారు గానీ, చెయ్యి అలిసేలోపే ఆపాలని గట్టిగా చెప్పారు. అందుకే పూటకు ఐదు నిమిషాలు. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. సీ కార్డ్‌కి ఒక్క వేలు చాలు. ఉంగరపు వేలు కింది తీగ మీద, మూడో ఫ్రెట్ దగ్గర పెట్టాలి. వీణ వాళ్ల మాటల్లో మూడో మెట్టు. వేలు పెట్టేవాణ్ణి, తీగ 'టప్'మనేది. గిటార్ ఉక్కు తీగలైతే అసలు నొక్కగలిగేవాణ్ణి కాదు. మూడు వారాల దాకా అదే టప్. ఒక సాయంత్రం మాత్రం మోగింది. వంటింట్లోంచి అమ్మ, "అది నువ్వేనా?" అంది. జవాబు చెబుదామంటే గొంతు పెగల్లేదు.

ఏడాది దాటింది. సాయంత్రానికి కాలివేళ్లు ఇంకా మొద్దుబారతాయి, అలసట పూర్తిగా పోలేదు. ఎఫ్ కార్డ్ రెండు వేళ్లతో బాగానే వస్తోంది. జీకి మూడు వేళ్లు ఒకేసారి దిగాలి, చూపుడువేలు ఎప్పుడూ కాస్త ఆలస్యంగా దిగుతుంది. దాని కోసం ఆగి, అది కూర్చున్నాకే మీటుతున్నాను.